సెకనుకు డెబ్బై మీటర్లు

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్ళు వదిలాక మండపేట చుట్టుపక్కల ముందుగా పచ్చబడేవి చేలు కావు, గట్లు. సార్వా నారుమళ్ళు ఇంకా దమ్ము చేస్తుండగానే కాలువ గట్ల మీద, బోదెల వెంట, పుంతల పక్కన గరిక, తుంగ, రెల్లు, వయ్యారిభామ మోకాలెత్తుకు లేస్తాయి. కొబ్బరి దొడ్లలో చెట్ల వరసల మధ్య రాలిన మట్టలు, డొక్కలు కనపడనంతగా గడ్డి కమ్ముకుంటుంది. ఒకప్పుడు అది పశువుల మేత, మోపు కట్టి ఇంటికి తెచ్చుకునే సరుకు. పాడి తగ్గిన ఊళ్ళలో అదే గడ్డి ఇప్పుడు రైతుకు ఖర్చు. కొడవలి పట్టే మనిషి దొరక్క, దొరికినా కూలి గిట్టక, భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్‌నో, ట్రాక్టరు వెనక తగిలించే స్లాషర్‌నో ఆశ్రయిస్తున్నారు.

గట్టు శుభ్రం చేయడం అందం కోసం కాదు. ఎలుకలు బొరియలు పెట్టేది పొదల చాటున. వరిని పీడించే పురుగుల్లో కొన్ని పంటకూ పంటకూ మధ్య కాలం గడిపేది గట్టు కలుపు మీద. అలాగని కలుపుమందు కొట్టి గడ్డిని మొత్తంగా చంపేస్తే వేళ్ళు కుళ్ళి, వానకు గట్టు జారిపోతుంది. కోస్తే పై భాగమే పోతుంది, వేళ్ళు మట్టిని పట్టుకునే ఉంటాయి. పైగా గడ్డిజాతి మొక్కకు పెరిగే మొగ్గ నేలను అంటుకుని ఉంటుంది కాబట్టి కోతకు చావదు. వయ్యారిభామలాంటి వెడల్పాకు కలుపుకు మొగ్గ పైన ఉంటుంది. పూతకు రాకముందే పదేపదే కోస్తుంటే అది వెనకబడి, గరిక దాని చోటు ఆక్రమిస్తుంది. గట్టుకు కావలసింది కూడా గరికే. ఈ కారణాల వల్ల గట్ల మీద మందు డబ్బా కన్నా కోత యంత్రమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎగుడుదిగుడు నేల మీద దాన్ని నిలబెట్టుకోవాలంటే మాత్రం అది ఏ సూత్రం మీద కోస్తుందో తెలియాలి. మన వర్క్‌షాపుల్లో దానికి చేసే మార్పుల్లో కొన్ని దాని ఆయుష్షు పెంచుతాయి, కొన్ని మనిషి ఆయుష్షుకే ముప్పు తెస్తాయి.

కొడవలితో కోసేటప్పుడు ఎడమ చేత్తో దుబ్బు పట్టుకుంటాం. ఆ చెయ్యి లేకపోతే అంచు తగలగానే గడ్డి వంగి తప్పించుకుంటుంది. కత్తెరలో ఆ ఎడమ చేతి పని రెండో అంచు చేస్తుంది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు పొందిన మొదటి పచ్చిక కోత యంత్రం ఈ కత్తెర పద్ధతిదే. ఉన్ని బట్టల మిల్లుల్లో బట్ట మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయన దాన్ని తయారు చేశాడు. తిరిగే బ్లేడ్ల రోలరు ఒక కదలని బ్లేడును రాసుకుంటూ పోతుంది. చదునైన పచ్చిక మీద ఆ కోతకు సాటి లేదు. రాయి, మొద్దు, కొబ్బరి డొక్క ఎదురైతే మాత్రం ఆ రెండు అంచుల పొందిక చెదిరిపోతుంది.

బ్రష్ కట్టర్‌కూ స్లాషర్‌కూ పట్టుకునే చెయ్యీ లేదు, రెండో అంచూ లేదు. బ్లేడుకు ఎదురు నిలిచేది గడ్డి కాడ జడత్వం ఒక్కటే. కాడకు ఎంత తక్కువ బరువున్నా, ఉన్నచోటు నుంచి కదలడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి కన్నా ముందే అంచు దానిలోంచి దాటిపోతే కాడ తెగుతుంది. ఆలస్యమైతే వంగిపోతుంది. అంటే ఈ యంత్రంలో కోసేది పదును కన్నా ముందు వేగం.

ఎంత వేగమో లెక్క కడదాం. మామూలు టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ ఇంజన్ పనిలో నిమిషానికి 7,000 తిప్పులు తిరిగితే, గొట్టం చివరి గేర్ తల దాన్ని సుమారు 5,200కి తగ్గిస్తుంది. 255 మిల్లీమీటర్ల బ్లేడు చుట్టుకొలత 80 సెంటీమీటర్లు. అంటే బ్లేడు అంచు సెకనుకు దాదాపు 70 మీటర్లు, గంటకు 250 కిలోమీటర్లు పరిగెడుతోంది. ఇప్పుడు స్లాషర్ సంగతి. ట్రాక్టరు వెనక తగిలించిన పరికరాన్ని తిప్పే పీటీవో నిమిషానికి 540 తిప్పులు ఇస్తుంది. స్లాషర్ గేర్ బాక్సు దాన్ని పెంచి 1,000 దగ్గరకు తెస్తుంది. అయిదడుగుల కోత వెడల్పున్న స్లాషర్‌లో బ్లేడు కొస వేగం సెకనుకు 80 మీటర్లకు చేరుతుంది. ఒకటి మనిషి భుజాన వేలాడేది, ఇంకొకటి క్వింటాళ్ళ బరువుది. ఇంజన్లకు పోలికే లేదు. అయినా అంచు వేగం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే, ఎందుకంటే రెండూ కోయాల్సిన గడ్డి కాడ ఒకటే.

వేగం తగ్గితే జరిగే నష్టం అనుకున్న దాని కన్నా పెద్దది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. తిప్పులు అయిదో వంతు పడిపోతే దెబ్బలోని శక్తి మూడో వంతుకు పైగా పోతుంది. అప్పుడు గడ్డి తెగకుండా చిట్లుతుంది, కొసలు పీచులుగా తెల్లబడతాయి, తెగని పోచలు బ్లేడు కింద షాఫ్టుకు చుట్టుకుంటాయి. ఆ చుట్టు బిగిసి, వేడెక్కి, ఆయిల్ సీలును తినేస్తుంది. సీలు పోయాక గ్రీజు బయటికి, మట్టి నీళ్ళు లోపలికి. గేర్ తల అరిగిపోయిందని వచ్చే రిపేర్లలో చాలా వాటికి మొదలు ఇక్కడుంటుంది. పని మధ్యలో ఇంజన్ ఆపి చుట్టుకున్న గడ్డిని తీసేయడం, ఇరవై పాతిక గంటల పనికొకసారి గేర్ తలలోకి గ్రీజు ఎక్కించడం అందుకే.

బ్లేడు మొండిబారడానికి రాళ్ళనే తప్పుపడతాం గానీ గడ్డి తక్కువది కాదు. మండపేట ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఊక కాల్చాక మిగిలే బూడిద అందరికీ తెలిసిందే. వంద కిలోల ధాన్యంలో ఇరవై కిలోల దాకా ఊక ఉంటుంది. దాన్ని కాలిస్తే నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి ఒక్కటే కాదు, గడ్డి జాతులు చాలా వరకు నేలలో కరిగి ఉన్న సిలికాను వేళ్ళతో పీల్చి, ఆకుల్లో సూక్ష్మమైన గాజుపలుకుల్లా పేర్చుకుంటాయి. రెల్లు ఆకు వేలిని కోసేది వాటితోనే. గీతలు పడే గట్టిదనాన్ని కొలిచే పది మెట్ల మోస్ కొలతలో మెత్తటి ఇనుము నాలుగో మెట్టు దగ్గర, ఈ పలుకులు అయిదున్నర నుంచి ఆరున్నర మధ్య, గోదావరి ఇసుకలోని క్వార్ట్జ్ ఏడో మెట్టులో ఉంటాయి. పాత ఇనుప పట్టీ కోసి బిగిస్తే ఒక్క పూటకే మొండిబారడంలో వింత లేదు. నీరు పట్టించి గట్టిపరిచిన ఉక్కు బ్లేడు ఆరో మెట్టుకు చేరుకుంటుంది కాబట్టి గడ్డికి ఓర్చుకుంటుంది. ఇసుకకు మాత్రం అదీ ఓడిపోతుంది. బ్లేడు నేలకు తగలకుండా మూడు నాలుగు అంగుళాల ఎత్తున కోయడం కన్నా పెద్ద సంరక్షణ ఏదీ లేదు. బ్లేడు కింద విడిగా తిరిగే గిన్నె బిగించుకుంటే, దాన్ని నేల మీద ఆనించి నడపవచ్చు. బ్లేడూ నేలకు తగలదు, భుజానికీ బరువు తగ్గుతుంది. గట్ల మీద పనికి ఇంత చవకగా ఇంత మేలు చేసే మార్పు నాకు మరొకటి కనపడలేదు. స్లాషర్‌కు ఇదే పని రెండు పక్కలా ఉండే స్కిడ్ పట్టీలు చేస్తాయి. అరిగిన పట్టీల మీద మందమైన ఇనుప ముక్కలు వెల్డింగు చేయించుకోవచ్చు, అవి తిరిగే భాగాలు కావు.

తిరిగే భాగాల దగ్గర లెక్క మారుతుంది. బ్లేడును గ్రైండరు మీద పెట్టినప్పుడు అంచు లేత పసుపు, ఆపైన ఊదా, చివరికి నీలం రంగుకు తిరుగుతుంది. ఉక్కు పైపొరలో ఏర్పడే ఆక్సైడు మందాన్ని బట్టి ఆ రంగులు వస్తాయి. లేత పసుపు అంటే 220 డిగ్రీల పైమాట, నీలం అంటే 300 డిగ్రీలు. నీలం తిరిగిన చోట బ్లేడుకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం దిగిపోయినట్టే. ఆ తరవాత ఎంత నూరినా పదును నిలవదు. రాయికి తేలిగ్గా తాకిస్తూ, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లగా ఉండేలా మధ్యమధ్య నీళ్ళలో ముంచుతూ నూరాలి. ఎగుడుదిగుడు నేల మీద వాడే స్లాషర్ బ్లేడుకు మంగలి కత్తిలాంటి అంచు అక్కర్లేదు కూడా. ఒకటిన్నర మిల్లీమీటరు మందం అంచులో వదిలేయాలి. మరీ పల్చగా నూరితే మొదటి డొక్కకే అంచు పెచ్చులూడుతుంది. కార్బైడ్ ముక్కలు అతికిన 40 పళ్ళ, 80 పళ్ళ గుండ్రటి బ్లేడ్లు జమ్ముకూ, ముదిరిన రెల్లుకూ బాగుంటాయి. అవి గట్టివే కానీ పెళుసు. కంకర ఉన్న పుంత పక్కన వాటిని వాడకూడదు.

లారీ కమాను పట్టీలతో కొడవళ్ళు, కత్తులు సాగదీయడం మన కమ్మరులకు బాగా తెలిసిన విద్య. ఆ ఉక్కులో అరశాతానికి పైగా కార్బన్ ఉంటుంది, అందుకే పదును నిలుస్తుంది. అదే గుణం వెల్డింగు దగ్గర శత్రువవుతుంది. వెల్డింగు మంట పక్కనే ఉన్న లోహం ఎర్రగా కాగి, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వేడిని గుంజేసుకోవడంతో క్షణాల్లో చల్లారుతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అలా చల్లారితే ఆ గీత పొడవునా గాజులా పెళుసెక్కుతుంది. పైకి అతుకు నున్నగానే కనిపిస్తుంది. సెకనుకు 70 మీటర్ల వేగంలో ఒక కొబ్బరి మొద్దు తగిలినప్పుడు విరిగేది అక్కడే. విరిగిన ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పగిలిన బ్లేడును అతికించకూడదు. కమాను పట్టీ కోసి సొంతంగా బ్లేడు చేయించి బ్రష్ కట్టర్‌కు బిగించకూడదు. చెక్క కోసే రంపం బ్లేడును బిగించకూడదు. ఈ విషయంలో నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను.

నూరేటప్పుడు ఒక వైపు ఎక్కువ అరిగితే ఏమవుతుంది? బ్రష్ కట్టర్ బ్లేడు ఒక అంచున అయిదు గ్రాములు తగ్గిందనుకుందాం. నిమిషానికి 5,200 తిప్పుల వేగంలో ఆ తేడా షాఫ్టును 19 కిలోల బలంతో పక్కకు లాగుతుంది, సెకనుకు 87 సార్లు దిక్కు మార్చుకుంటూ. అయిదడుగుల స్లాషర్‌లో రెండు బ్లేడ్ల మధ్య 50 గ్రాముల తేడా ఉంటే లాగుడు 40 కిలోలు దాటుతుంది. బేరింగులు వదులవడం, బోల్టులు తమంతట తామే ఊడడం, బ్లేడ్ల మీది మూత, అంటే డెక్కు రేకు చీలడం, అన్నీ ఈ లాగుడు వల్లే. బ్రష్ కట్టర్ బ్లేడును మధ్య రంధ్రం దగ్గర సన్నని కమ్మీకి వేలాడదీస్తే బరువైన వైపు కిందికి దిగుతుంది. ఆ వైపు ఇంకొంచెం నూరాలి. స్లాషర్ బ్లేడ్లను కిరాణా కాటా మీద తూచి రెండూ సమానం చేసి, మార్చితే రెండూ కలిపి మార్చాలి.

ఈ అదురు యంత్రంతో ఆగదు, చేతుల్లోకి ఎక్కుతుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కేవారి వేళ్ళు చలిలో పాలిపోయి మొద్దుబారడాన్ని 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరిశీలించి నమోదు చేశారు. అదే పనిగా తగిలే అదురుకు వేళ్ళలోని సన్నని రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయి. మన ఉక్కపోతలో వేళ్ళు తెల్లబడడం అంతగా బయటపడదు కానీ తిమ్మిరి, చురుకులు, పట్టు సడలడం ఉంటాయి. రోజంతా కూలికి గడ్డి కోసే కుర్రాళ్ళు సాయంత్రం చేతులు జివ్వుమంటున్నాయంటే దాన్ని మామూలు అలసటగా కొట్టిపారేయకూడదు. బ్లేడు సమతూకం చూడాలి, హ్యాండిల్ కింది రబ్బరు బుష్షులు మార్చాలి, పనిని ఇద్దరు వంతులు వేసుకోవాలి.

మెత్తటి గడ్డికి బ్లేడు బదులు నైలాన్ తీగ తల వాడతారు. 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ కార్ వాష్ యంత్రంలో తిరిగే బ్రష్‌లను చూసి, ఒక ఖాళీ డబ్బాకు చేపల గాలపు తీగ కట్టి మొదలుపెట్టిన ఆలోచన అది. తిరుగుడు బలమే మెత్తటి తీగను కర్రలా బిగుతుగా ఉంచుతుంది. ఎక్కువ మేర తెగుతుందని చాలామంది గార్డు తీసేసి తీగను పొడుగ్గా వదులుతారు. గార్డు అంచున ఉండే చిన్న బ్లేడు తీగ పొడవును కత్తిరించడానికే ఉంది. తిరిగే తీగకు గాలి కలిగించే అడ్డు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. తీగ అయిదో వంతు పొడవు పెరిగితే అదే వేగంతో తిప్పడానికి ఇంజన్‌కు రెట్టింపు శక్తి కావాలి. ఇంజన్ దగ్గర అంత ఉండదు కాబట్టి తిప్పులు పడిపోతాయి, సగం పట్టిన క్లచ్చు జారి కాలిపోతుంది. గార్డు తీయడం వల్ల ఇంకో ప్రమాదం ఉంది. 20 గ్రాముల కంకర రాయి సెకనుకు 70 మీటర్ల వేగం అందుకుంటే దానిలో ఉండే శక్తి, గంటకు 90 కిలోమీటర్లతో వచ్చే క్రికెట్ బంతిలో ఉన్నంత. అదంతా గోరంత చోట తగులుతుంది. నడిపే మనిషికి కళ్ళద్దాలు, బూట్లు ఉండాలి, పదిహేను మీటర్ల లోపు మరో మనిషి ఉండకూడదు. స్లాషర్ విసిరే ముక్కలు ఇంకా దూరం పోతాయి. దాని ముందూ వెనకా గొలుసుల తెర కట్టించుకోవడం రోడ్డు పక్క పని చేసేవారు తప్పక చేయించుకోవలసిన మార్పు.

స్లాషర్‌ను మోటు నేలకు తట్టుకునేలా చేసిన ఆలోచన చాలా సరళమైనది. బ్లేడ్లను బిగించేయకుండా, తిరిగే పళ్ళెం అంచున ఒక్కొక్క పెద్ద బోల్టు మీద వదులుగా వేలాడదీస్తారు. తిరుగుడు బలానికి అవి బయటికి చాచుకుంటాయి, మొద్దు తగిలితే వెనక్కి మడిచి దాటిపోతాయి. 1951లో అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మాలో బుష్ హాగ్ సంస్థ మొదలై ట్రాక్టరు స్లాషర్లను జనంలోకి తెచ్చింది. ఆ సంస్థ పేరే అక్కడ ఆ యంత్రానికి వాడుక పేరైపోయింది. ఆ బోల్టు అరిగితే బ్లేడు ఊగుతూ డెక్కుకు కొట్టుకుంటుంది, తుప్పుపట్టి బిగుసుకుంటే మడవదు. మడవని బ్లేడు దెబ్బంతా గేర్ బాక్సుకు చేరుతుంది. వారానికొకసారి చేత్తో కదిపి చూడాలి.

బ్లేడు దాటించలేని దెబ్బను ఆపడానికి పీటీవో షాఫ్టులో షియర్ బోల్టు ఉంటుంది. అది ముందు విరగడానికే పెట్టిన మెత్తటి బోల్టు. మాటిమాటికీ విరుగుతోందని గట్టి రకం బోల్టు వేస్తే ఆ తరవాత విరిగేవి గేర్ పళ్ళు. వంద రూపాయల లోపు వస్తువు బదులు వేల రూపాయల వస్తువు పోతుంది. అది తరచూ విరుగుతోందంటే బోల్టును కాదు, నడిపే వేగాన్ని మార్చాలి.

కాలువ గట్ల మీద ఇంకో చిక్కు ఉంది. వాలు వెంట కోయడానికి స్లాషర్‌ను పైకెత్తి, వంచి నడుపుతారు. పీటీవో షాఫ్టు రెండు చివరలా క్రాస్ జాయింట్లు ఉంటాయి. ఒక క్రాస్ జాయింటు వంగి తిరిగితే అవతలి వైపు ఒకే వేగంతో తిరగదు, ప్రతి తిప్పులో రెండుసార్లు పుంజుకుని రెండుసార్లు వెనకపడుతుంది. 30 డిగ్రీల వంపులో ఆ హెచ్చుతగ్గు 15 శాతం పైకి, 13 శాతం కిందికి ఉంటుంది. రెండో జాయింటు అదే కోణంలో వంగితే ఆ హెచ్చుతగ్గును రద్దు చేస్తుంది. స్లాషర్ ట్రాక్టరుకు సమాంతరంగా ఉన్నంతవరకే ఆ సమానత. ముక్కు కిందికి వాల్చి, తోక పైకెత్తి నడిపితే కోణాలు వేరై షాఫ్టు కటకటమంటుంది. ఆ శబ్దం వినగానే స్లాషర్ పై భాగాన్ని ట్రాక్టరుకు కలిపే టాప్ లింకును సరిచేయాలి. మలుపులో ఎత్తినప్పుడు పీటీవో తీసేయాలి. వరిచేలో కేజ్ వీల్స్‌తో దమ్ము పట్టి అలవాటైన డ్రైవర్లకు ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పని.

కొబ్బరి దొడ్డిలో దున్నడం కన్నా కోయడం మేలు. వేళ్ళ ద్వారా పాకే గానోడెర్మా తెగులు ఉన్న తోటల్లో దున్నవద్దని శాస్త్రవేత్తలు చెబుతారు, తెగిన వేళ్ళు తెగులుకు దారి. అయితే కొబ్బరి కాండాన్ని బ్లేడు నుంచి కాపాడడం రైతు బాధ్యత. మామిడి, వేప లాంటి చెట్లకు బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పొర ఉంటుంది, దెబ్బ తగిలితే కొన్నాళ్ళకు పూడుతుంది. కొబ్బరికి ఆ పొర లేదు. ఇవాళ పడిన గాటు చెట్టు బతికినన్నాళ్ళూ తెరిచే ఉంటుంది. ముదురు రంగు రసం కారే తెగులు బూజు అందులోంచి చేరుతుంది, ఎర్రముక్కు పురుగు గాయాల వాసనకు వచ్చి గుడ్లు పెడుతుంది. నీడన వేసే కోకోకు ఇంకో రకమైన నష్టం. కోకో పూలు కొమ్మల చివర కాక కాండం మీదే, ఏటా అవే బొడిపెల దగ్గర పూస్తాయి. నైలాన్ తీగ బెరడును గీరితే ఆ బొడిపె పోయినట్టే, అక్కడ ఇక కాయ ఉండదు. చెట్టు చుట్టూ రెండడుగుల మేర చేత్తో కోయించుకోవాలి.

ఇక వానలు పడే నెలల్లో పెట్రోలు సంగతి. టూ స్ట్రోక్ ఇంజన్‌కు విడిగా ఆయిల్ సంపు ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కు తడి. కంపెనీ చెప్పిన పాళ్ళను బట్టి లీటరుకు 20 నుంచి 40 మిల్లీలీటర్లు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటుంది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. మూత వదులై వాన నీరు చేరినా, నెలల తరబడి సగం ట్యాంకుతో మూలన పడి ఉన్నా, ఒక హద్దు దాటాక ఇథనాలు నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. ఆయిలు పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు లోపలి గొట్టానికి ఉండే బరువైన ఫిల్టరు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అంటే ఇంజన్ పీల్చేది ఆయిలు లేని పొరను. స్టార్టయినా కాసేపటికే పిస్టన్ పట్టేస్తుంది. నెల దాటిన మిశ్రమాన్ని వాడకూడదు. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలిన చుక్కలు కూడా కాలేదాకా ఇంజన్‌ను తిప్పి ఆపాలి. కార్బురేటరు లోపలి పల్చటి డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు గట్టిపడితే సీజనుకు ముందే మార్చుకోవాలి.

మూలన పడి ఉంటే పాడయ్యేది పెట్రోలు ఒక్కటే కాదు. షియర్ బోల్టు బదులు, దెబ్బకు జారే స్లిప్ క్లచ్చు ఉన్న స్లాషర్ అయితే దాళ్వా కోతలయ్యాక షెడ్డులో పెట్టి మళ్ళీ తీసేనాటికి దాని ప్లేట్లు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు. బిగుసుకున్న క్లచ్చు జారదు, ఉన్నా లేనట్టే. స్ప్రింగుల పొడవు ముందుగా కొలిచి రాసుకుని, నట్లు కొంచెం వదులు చేయాలి. పక్కపక్కనున్న ప్లేట్ల మీదుగా ఒక సుద్దగీత గీసి, ఎవరూ దగ్గర లేకుండా చూసి, పీటీవోను రెండు మూడు సెకన్లు వేసి తీయాలి. ఇంజన్ ఆపి చూసినప్పుడు గీత ముక్కలై పక్కకు జరిగి ఉంటే ప్లేట్లు జారినట్టు. జరగకపోతే క్లచ్చు విప్పి తుప్పు గీకించాలి. తరవాత నట్లను రాసుకున్న కొలతకే తిరిగి బిగించాలి.